సరంధ్ర బర్నరు

సరంధ్ర బర్నరు అనగా ఇంధన వాయువును, గాలిని ముందుగా కలిపి, ఆ మిశ్రమాన్ని సూక్ష్మరంధ్రాలు గల ఘనపదార్థం లోపలే మండించే దహన పరికరం. సాధారణ బర్నరులో జ్వాల బయట కనిపిస్తుంది. ఇందులో దహనం స్పంజి వంటి సిరామిక్ దిమ్మె లోపల జరుగుతుంది. బయటికి ఎర్రగా కాగిన దిమ్మె మాత్రమే కనిపిస్తుంది. కంటికి కనబడని ఈ జ్వాలను తెలుసుకోవడానికి గణిత నమూనా, ప్రయోగ పరీక్ష రెండూ అవసరం.

పనిచేసే విధానం

మండిన వాయువుల వేడి ఘనపదార్థానికి చేరుతుంది. అది ఉష్ణవహనం, వికిరణం ద్వారా ప్రవాహానికి ఎదురుగా ప్రయాణించి, లోపలికి వచ్చే చల్లని మిశ్రమాన్ని ముందే వేడిచేస్తుంది. దహనంలో వేడిని ఇలా తిరిగి వాడుకోవచ్చునని ఫెలిక్స్ వైన్‌బర్గ్ 1971లో సూచించాడు. జ్వాలలో సరంధ్ర ఘనపదార్థాన్ని ఉంచితే కలిగే ఫలితాన్ని 1979లో జపాను శాస్త్రజ్ఞులు టకెనో, సాటో సిద్ధాంతరీత్యా వివరించారు. ఈ పద్ధతిలో, విడిగా మండని పలుచని మిశ్రమాలు కూడా మండగలవు. జ్వాల ఉష్ణోగ్రత, అదే మిశ్రమం బయట మండితే వచ్చే గరిష్ఠ విలువను కొంతమేర మించవచ్చు. ఇది శక్తి నిత్యత్వ నియమానికి విరుద్ధం కాదు. ఆ అదనపు వేడి ముందు మండిన వాయువుల నుండి అరువు తెచ్చుకున్నదే.

పెక్లే సంఖ్య

రంధ్రాలు మరీ చిన్నవైతే గోడలు వేడిని లాగివేసి జ్వాలను ఆర్పుతాయి. దీనిని అంచనా వేసేది పెక్లే సంఖ్య:

పెక్లే సంఖ్య = జ్వాలావేగం × రంధ్రవ్యాసం ÷ వాయుమిశ్రమపు ఉష్ణవ్యాపనశీలత

బాబ్కిన్ బృందం 1991లో దీని సందిగ్ధ విలువను సుమారు 65గా చూపింది. మీథేను-గాలి మిశ్రమంలో జ్వాలావేగం సెకనుకు సుమారు 0.4 మీటరు, ఉష్ణవ్యాపనశీలత సెకనుకు 0.000022 చదరపు మీటర్లు. కాబట్టి 1 మి.మీ. రంధ్రానికి ఈ సంఖ్య 18, జ్వాల ఆరిపోతుంది, 5 మి.మీ. రంధ్రానికి 91, జ్వాల నిలుస్తుంది. అందుకే చాలా బర్నరులలో మొదట చిన్న రంధ్రాల పొర, తరువాత పెద్ద రంధ్రాల పొర ఉంటాయి. మొదటి పొర జ్వాల వెనుకకు పోకుండా అడ్డుకుంటుంది. అయితే ఆ పొర వేడెక్కితే జ్వాలావేగం పెరిగి, రక్షణ తగ్గుతుంది. చల్లని స్థితిలో వేసిన లెక్క ఒక్కటే భద్రతకు చాలదు.

గణిత నమూనా

ప్రతి రంధ్రాన్ని విడిగా లెక్కించడం కష్టం. అందువల్ల దిమ్మెను చిన్న ఘనపరిమాణాలుగా భావించి సగటు విలువలు తీసుకుంటారు. వాయువుకు ఒకటి, ఘనపదార్థానికి ఒకటి చొప్పున రెండు శక్తి సమీకరణాలు వ్రాస్తారు. ఉష్ణసంవహన గుణకం వాటిని కలుపుతుంది. వికిరణాన్ని ఘనపదార్థ సమీకరణంలో చేరుస్తారు.

రసాయన చర్యలను ఒకే మెట్టుగా తీసుకుంటే లెక్క తేలికే కాని, కార్బన్ మోనాక్సైడు వంటి ఉద్గారాలు సరిగా తెలియవు. మీథేనుకు తరచుగా వాడే జీఆర్ఐ-మెక్ 3.0లో 53 రసాయన జాతులు, 325 చర్యలు ఉన్నాయి.

ప్రయోగ పరీక్షలు

దిమ్మె పొడవునా ఉష్ణయుగ్మాలు అమర్చి ఉష్ణోగ్రతలు కొలుస్తారు. బయటికి వచ్చే వాయువులలో కార్బన్ మోనాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడుల పాళ్ళను విశ్లేషిస్తారు. గాలి ఎక్కువైతే ఈ పాళ్ళు తక్కువగా కనిపిస్తాయి కనుక, ఒకే ఆక్సిజన్ శాతానికి సరిచేసిన తరువాతే పోల్చాలి. ప్రవాహాన్ని తగ్గిస్తూ జ్వాల వెనుకకు దూకే హద్దును, పెంచుతూ జ్వాల కొట్టుకుపోయే హద్దును గుర్తిస్తారు. ఈ రెండింటి మధ్యనే బర్నరును సురక్షితంగా వాడవచ్చు.

నమూనాలో ఒకే చోట రెండు ఉష్ణోగ్రతలు ఉంటాయి, ఉష్ణయుగ్మం చూపేది ఒక్కటే. గోడను తాకినదైతే అది ఘనపదార్థపు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. తాకకపోయినా వికిరణ ప్రభావం తప్పదు. అందువల్ల ఆ కొలతను నేరుగా వాయు ఉష్ణోగ్రతతో పోల్చరాదు. జ్వాల స్థానం, ఉద్గారాలు, స్థిరత్వపు హద్దులు కూడా సరిపోలినపుడే నమూనాను నమ్మవచ్చు.

ఉపయోగాలు

వికిరణ తాపకాలు, ఆరబెట్టే యంత్రాలు, నీటిని కాచే సాధనాలలో ఈ బర్నరులు ఉపయోగపడతాయి. భారతదేశంలో గౌహతి ఐఐటీ పరిశోధకులు వంటగ్యాసు పొయ్యిల కొరకు రెండు పొరల సరంధ్ర బర్నరులను రూపొందించి పరీక్షించారు.