మీకు తెలుసా? క్రియాటినిన్ ఒకటే అయినా కిడ్నీల పనితీరు వేరు!

● ఒకే ల్యాబులో పాతికేళ్ల కుర్రాడికీ, అరవై ఏళ్ల పెద్దావిడకీ రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసే వ్యర్థం) 1.2 వచ్చిందనుకోండి. వయసు, ఆడామగా తేడా కలిపి లెక్కగడితే కిడ్నీల వడపోత (ఈజీఎఫ్‌ఆర్) కుర్రాడికి సుమారు 86, ఆవిడకు 52.

● ఈజీఎఫ్‌ఆర్ మూడు నెలలకు పైగా 60 లోపే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే.

● వడపోత బాగున్నా మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతుంటే తొలి హెచ్చరిక. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఏటా ఈజీఎఫ్‌ఆర్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు రెండూ చేయించుకోవాలి.

● మిర్చి బస్తాలు మోసి నడుం పట్టేసిందని, డాక్టర్ని అడక్కుండా రోజూ నొప్పి బిళ్లలు మింగితే కిడ్నీలకు చేటు.

● శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో బీపీ, షుగర్ లేని రైతుకూలీలకూ దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు వస్తోంది. కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.