ముసలి బండికి పడుచు ఇంజను

పికప్పు బండిని మీరు చూసే ఉంటారు. ముందు డ్రైవరూ, పక్కన ఒకరిద్దరూ కూర్చునే గది. వెనక సామాను వేసుకునే తొట్టి. సగం కారు, సగం లారీ. మనకు ఎడ్లబండి ఎలాటిదో అమెరికా రైతులకు పికప్పు అలాటిది. ఎండుగడ్డి, పాలకేన్లు, ఎరువు బస్తాలు, సంతకు బయలుదేరిన పిల్లలు, అన్నీ అందులోనే.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన రెండేళ్ళకు, అంటే 1947లో, షెవ్రొలే కంపెనీ ఒక కొత్త పికప్పును తెచ్చింది. ఉబ్బిన బుగ్గలు, ముందు అయిదు అడ్డపట్టీలు, రెండు గుండ్రని దీపాలు. ఎదురుగా నిలబడి చూస్తే నవ్వుతున్న తాతగారిలా ఉంటుంది. కొద్దిపాటి మార్పులతో ఆ రూపం 1955 మొదటిదాకా సాగింది. ఆ బళ్ళు నేటికీ అమెరికాలో చాలా ఉన్నాయి. తాత కొన్న బండి అని మనవలు అమ్మకుండా ఉంచుకుంటారు. ఉంచుకున్న వాళ్ళకు ఒక చిక్కు వస్తుంది: బండిని కొట్టంలో పెట్టి చూసుకోవాలా, రోజూ నడుపుకోవాలా? రోజూ నడపాలంటే ముందు ఇంజను సంగతి తేల్చాలి.

ఆ బండి ఇంజనులో ఆరు సిలిండర్లు ఒకే వరసలో నిలబడి ఉంటాయి. అన్నిటి ఘనపరిమాణం కలిపి 216 ఘనపు అంగుళాలు, అంటే సుమారు మూడున్నర లీటర్లు. శక్తి సుమారు 90 అశ్వశక్తి. మంచి ఇంజనే. కాని దాని కీళ్ళకు నూనె ఎలా అందుతుందో చూడండి. పిస్టన్లను క్రాంకుషాఫ్టుతో కలిపే కడ్డీల అడుగున చిన్న చెంచాల వంటివి ఉంటాయి. ఇంజను తిరిగినప్పుడల్లా ఈ చెంచాలు కింద ఉన్న నూనెలో మునిగి, ఇంత తోడుకుంటాయి. ఆ కడ్డీల బేరింగులేమో మెత్తని తెల్లలోహంతో పోతపోసినవి. పల్లె రోడ్డున మెల్లగా పోయేటప్పుడు ఈ ఏర్పాటు ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. గంటల తరబడి పరుగెత్తిస్తే మాత్రం తెల్లలోహం అరిగిపోయి, లోపల టకటక మోత మొదలవుతుంది.

ఎంత పరుగో కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేద్దాం. బండి చక్రం వ్యాసం సుమారు 71 సెంటీమీటర్లు అనుకోండి. ఒక చుట్టు తిరిగితే బండి 2 మీటర్ల 23 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. గంటకు 100 కిలోమీటర్లు అంటే నిమిషానికి 1,667 మీటర్లు. కనక చక్రం నిమిషానికి సుమారు 747 చుట్లు తిరగాలి. వెనక ఇరుసులో ఉన్న పళ్ళచక్రాల లెక్క ప్రకారం, చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే పై గేరులో ఇంజను 4.11 చుట్లు తిరగాలి. 747ను 4.11తో హెచ్చవేస్తే 3,070 వచ్చింది కదా! ఆ ఇంజను తన పూర్తి శక్తి చూపించేది 3,300 చుట్ల దగ్గర. అంటే నేటి పెద్ద రోడ్డు మీద అందరితోపాటు వెళ్ళాలంటే పాపం తాతగారు దారిపొడుగునా శక్తినంతా కూడగట్టుకుని పరుగెత్తాలన్నమాట!

అందుకే చాలామంది ఇంజను మారుస్తారు. ఏ ఇంజను? 1997లో జనరల్ మోటార్స్ వాళ్ళు తమ పందెపు కారు కొర్వెట్ కోసం కొత్త ఇంజను ఒకటి చేశారు. నాలుగు సిలిండర్లు ఇటు, నాలుగు అటు వాలి, ముందునుంచి చూస్తే ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటాయి. 1999 నుంచి దానికి తమ్ముళ్ళవంటి ఇంజన్లను పికప్పులలో పెట్టారు. వాటిలో 5.3 లీటర్ల రకం లక్షలకొద్దీ తయారయింది. దాని శక్తి 270 నుంచి 295 అశ్వశక్తి. ఒడలు ఇనుముతో పోతపోసినది, మొండిది. ఇన్ని తయారయ్యాయి గనకనే ఇది చవక. వెనకనుంచి లారీ గుద్దగా తొట్టి నుజ్జయి, ముందుభాగం చెక్కుచెదరని పికప్పులు పాతబళ్ళ యార్డులలో వరసలుగా పడి ఉంటాయి. మన విజయవాడ ఆటోనగర్ చూసినవారికి ఆ దృశ్యం వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ తెలివైన పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు. సిలిండర్ల పరిమాణం ఒకటిన్నర రెట్లే పెరిగింది. శక్తి మూడు రెట్లు ఎలా అయింది? పాత ఇంజను, తాను పీల్చిన గాలీ పెట్రోలూ మిశ్రమాన్ని సుమారు ఆరున్నర వంతుల నుంచి ఒక వంతుకు నొక్కి మండిస్తుంది. కొత్తది తొమ్మిదిన్నర వంతుల నుంచి ఒక వంతుకు నొక్కుతుంది. గట్టిగా నొక్కిన మిశ్రమం మండితే పిస్టనును మరింత బలంగా తోస్తుంది. కొత్తదానికి గాలి పీల్చే దారులు విశాలం. పైగా అది నిమిషానికి 5,000 చుట్లు తిరిగినా తడబడదు. ఎప్పుడెంత పెట్రోలు చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు వేయాలో చెప్పడానికి ఒక చిన్న కంప్యూటరు కూడా ఉన్నది.

సరే, యార్డుకు వెళ్ళి ఇంజను కొని, పాతది ఊడదీసి, కొత్తది పెడితే సరిపోదా? బక్క ఎద్దులు లాగే బండికి పందెపు గిత్తలను కట్టామనుకోండి. కాడి నిలుస్తుందా? ఇరుసు నిలుస్తుందా? అసలు ముందు, గిత్తలకు ముకుతాడు ఉన్నదా?

మొదట కూర్చోబెట్టడం. పాత ఇంజను పొడుగు, సన్నం. కొత్తది పొట్టి, వెడల్పు. ఛాసీ మీద కొత్త ఆధారాలు వెల్డు చేయాలి. తరవాత ఇరుసు. 1954 వరకు ఈ చిన్న పికప్పులలో, శక్తిని వెనక్కు తీసుకుపోయే కడ్డీ ఒక లావుపాటి గొట్టంలో మూసి ఉండేది. కొత్త గేరుబాక్సు ఆ గొట్టానికి అతకదు. కనక వెనక ఇరుసు మొత్తం మార్చవలసిందే. మార్చితే ఒక లాభమూ ఉన్నది. కొత్త ఇరుసు లెక్క 3.73 అనుకోండి. కొత్త గేరుబాక్సులో నాలుగో గేరు వేస్తే ఇంజను 70 చుట్లకే వెనక కడ్డీ 100 చుట్లు తిరుగుతుంది. ఇందాకటి లెక్కే మళ్ళీ వేయండి: 747ను 3.73తో, దాన్ని 0.7తో హెచ్చవేస్తే సుమారు 1,950. అదే వంద కిలోమీటర్ల వేగానికి ఇంజను ఇప్పుడు నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తక్కువ తిరుగుతున్నది!

పెట్రోలు సంగతి పెద్దలు శ్రద్ధగా చదవాలి. 1949 నుంచి ఈ పికప్పులలో పెట్రోలు టాంకు ఎక్కడ ఉండేదో తెలుసా? డ్రైవరు సీటు వెనక, గదిలోనే! కొత్త ఇంజనుకు పెట్రోలును చదరపు అంగుళానికి 58 పౌండ్ల ఒత్తిడితో పంపాలి. పాతదానికి అయిదు పౌండ్లయితే ఎక్కువ. పాత రబ్బరు గొట్టాలు ఆ ఒత్తిడికి పగులుతాయి. కనక గొట్టాలన్నీ కొత్తవి వేసి, టాంకును తొట్టి కిందికి మార్చడం మంచిది. పొదుపు చేసేవాళ్ళు కనిపెట్టిన చిట్కా ఒకటి ఉన్నది: 1999 కొర్వెట్ కారు పెట్రోలు ఫిల్టరు లోపలే ఒత్తిడిని 58 పౌండ్ల దగ్గర నిలిపే ఏర్పాటు ఉంటుంది. అది ఒక్కటి కొంటే వేరే యంత్రం అక్కరలేదు.

కరెంటు కూడా మారాలి. పాత బండిది ఆరు వోల్టుల బేటరీ, కొత్త ఇంజనుకు పన్నెండు కావాలి. 30 వాట్ల దీపం ఆరు వోల్టులతో వెలిగితే అయిదు ఆంపియర్లు లాగుతుంది. పన్నెండుతో అయితే రెండున్నరే. అందుచేత పాత తీగల లావు సరిపోతుంది గాని, వాటి మీది గుడ్డ చివికిపోయి ఉంటుంది. దీపాలు మాత్రం అన్నీ మార్చక తప్పదు. ఇక కంప్యూటరు! అది తన సొంత బండి తాళంచెవి కోసం వెతుక్కుంటుంది. కనపడకపోతే దొంగ ఎవడో వచ్చాడనుకుని పెట్రోలు ఆపేస్తుంది. ఇది దొంగతనం కాదు నాయనా అని దాని ప్రోగ్రాములో రాసి నచ్చజెప్పాలి.

రేడియేటరు పెద్దది కావాలి. ఇంజను పైభాగాన ఉన్న సన్నని ఆవిరి గొట్టాన్ని కూడా రేడియేటరుకు కలపాలి. చిన్నదే కదా అని బిరడా కొట్టేస్తే ఆవిరి లోపల చిక్కుకుని ఇంజను వేడెక్కిపోతుంది.

ఇప్పుడు ముకుతాడు దగ్గరికి వద్దాం. పాత బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పెడలు నొక్కితే ఒకే ఒక మాస్టరు సిలిండరు నాలుగింటికీ నూనెను తోస్తుంది. ఎక్కడైనా ఒక్క గొట్టం చిట్లితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. 90 అశ్వశక్తి బండిలోనే ఇది ప్రమాదం. ఒకటిన్నర టన్నుల బరువుగల బండి గంటకు 50 కిలోమీటర్ల నుంచి 100కు వెళితే వేగం రెట్టింపవుతుంది. కాని బ్రేకులు మింగవలసిన శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది! అదంతా వేడిగా మారాలి. మూసి ఉన్న డ్రమ్ములో వేడి త్వరగా పోదు. డ్రమ్ము వ్యాకోచిస్తుంది, పట్టు తగ్గుతుంది. అందువల్ల ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయాలి. రెండు గదుల మాస్టరు సిలిండరు పెట్టాలి. ఒక గది పోయినా రెండోది రెండు చక్రాలనైనా ఆపుతుంది. డబ్బు చాలదని దీన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేసేవాళ్ళు ఉన్నారు. ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టే! నిజానికి బ్రేకులు ముందు మార్చి, పాత ఇంజనుతోనే కొన్నాళ్ళు నడిపి చూసి, ఆ తరవాత కొత్త ఇంజను జోలికి పోవడం సరైన వరస.

మరి చవకగా ఎలా? విడివిడిగా కొనకుండా, గుద్దుకున్న బండిని మొత్తంగా కొనడం ఒక ఉపాయం. అమెరికావాళ్ళు అలాటి బండిని 'దాత' అంటారు. ఇంజను, గేరుబాక్సు, కంప్యూటరు, వైర్లు అన్నీ ఒకదానికొకటి సరిపోయేవి దొరుకుతాయి; మిగిలిన తలుపులు, సీట్లు, చక్రాలు అమ్ముకుంటే కొంత డబ్బు తిరిగివస్తుంది. ఆ వైర్ల చిక్కులో అక్కరలేనివి తీసివేయడం పది సాయంత్రాల పని. ఓపిక ఉంటే సొంతంగా చేసుకోవచ్చు. రంగు వెలిసినా బండి నడుస్తుంది. పొగగొట్టం అందంగా లేకపోయినా నష్టం లేదు. బ్రేకులు, పెట్రోలు గొట్టాలు, స్టీరింగు కీళ్ళు, వెల్డింగు మాత్రం బేరమాడవలసినవి కావు. పెట్రోలు దగ్గరలో వెల్డింగు నిప్పు ఉండరాదని వేరే చెప్పాలా? ఇంజను గొలుసుకు వేలాడుతుంటే దాని కింద తల పెట్టరాదు, పిల్లలైతే ఆ దరిదాపులకే పోరాదు.

ఇంతకంటె చవక దారి ఇంకొకటి ఉన్నది. అదే షెవ్రొలే వారి 235 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను, 1954 తరవాతిది. దానిలో చెంచాలు లేవు. పంపే నూనెను బేరింగులకు తోస్తుంది. పాతదాని చోటులోనే దాదాపు కోతలు లేకుండా కూర్చుంటుంది. పెద్ద రోడ్డెక్కకుండా ఊళ్ళో తిరిగే బండికి నా ఓటు దీనికే.

మనవాళ్ళకూ ఇంజను మార్పిడి కొత్త కాదు. 1950, 60 దశకాలలో డీజిలు చవక గనక పెట్రోలు లారీలకు పెర్కిన్స్ డీజిలు ఇంజన్లు వేసేవారు. మద్రాసు సింప్సన్ కంపెనీ వాటిని తయారుచేసేది. ఇప్పుడైతే 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను అధికారుల అనుమతి ముందుగా తీసుకోనిదే మన దేశంలో ఇంజను మార్చకూడదు.

అమెరికా కొట్టంలో బండి సిద్ధమయిందనుకోండి. తాళం తిప్పగానే ఇంజను స్టార్టు చేయరు. ముందు పెట్రోలుకూ నిప్పురవ్వకూ ఉన్న ఫ్యూజులు తీసేస్తారు. స్టార్టరుతో ఇంజనును ఊరికే తిప్పుతారు. నూనె ముల్లు మెల్లగా పైకి లేస్తుంది. బేరింగులన్నిటికీ నూనె అందిందన్నమాట. అప్పుడు ఫ్యూజులు పెట్టి మళ్ళీ తాళం తిప్పుతారు. ఇంజను అందుకున్నాక కూడా బండి కొట్టం దాటి పోదు. వాకిట్లోనే పది గజాలు ముందుకు పోనిచ్చి, బ్రేకు నొక్కి చూస్తారు. పాత ఇంజను మాత్రం నూనె పూయించుకుని, గోనెపట్టా కప్పుకుని, కొట్టంలో ఒక మూల ఉంటుంది. అడిగినవాళ్ళకు చెంచాలు చూపించడానికి పనికివస్తుంది.