కొలవని లోడు పాసా, ఫెయిలా?

గుడివాడ చుట్టుపక్కల రైస్ మిల్లులకు నేను సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. మద్దతు ధరకు కొనే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. గుమస్తా అడిగేది ఒక్కటే: "పాసో ఫెయిలో చూపించండి సార్, చాలు."

అంత చిన్న సమాధానాన్ని దాచడానికి డేటాబేసులది తలో దారి. పోస్ట్‌గ్రెస్‌లో అవును-కాదులను దాచే నిఖార్సైన బూలియన్ రకం ఉంది. మైసీక్వెల్‌లో బూలియన్ అని రాసినా లోపల ఉండేది చిన్న అంకె. 0, 1 తోపాటు 2 వేసినా నోరెత్తదు. డేటాబేసుల భాష ఎస్‌క్యూఎల్‌కు 1999లో వచ్చిన ప్రమాణంలోనే బూలియన్ చేరినా, ఒరాకిల్ టేబుళ్లలోకి రావడానికి 2023 దాకా పట్టింది. అందాకా 'వై', 'ఎన్' అక్షరాలతోనే నెట్టుకొచ్చాం.

అసలు పేచీ మూడో జవాబుతో. లారీ గేటు దగ్గరే ఉంది, తేమ మీటరు ఇంకా పెట్టలేదు. ఆ గడి ఖాళీ, అంటే నల్: అవునూ కాదు, కాదూ కాదు. పాసైనవి చూపమంటే ఆ లారీ రాదు. పాస్ కానివి చూపమన్నా రాదు! రెండు జాబితాలూ కలిపితే ఒక లోడు తక్కువ. ఇక యజమానికి, గుమస్తాకి మధ్య పంచాయితీ.

నన్నడిగితే, పాసయిందన్న మాట కన్నా మీటరు చూపిన శాతాన్నే దాచాలి. పరిమితి సడలించినా మళ్లీ లెక్క తీయొచ్చు. మీ మిల్లు రిపోర్టులో 'ఇంకా కొలవనివి' అనే మూడో జాబితా లేకపోతే, ఈ సీజన్ మొదలవకముందే అడిగి పెట్టించుకోండి.