బోదకాలు వాపుకు మసాజ్.. గట్టిగా పిసికితే లాభం లేదు!

వరంగల్: కాలు వాచిందంటే చాలు.. నూనె రాసి గట్టిగా పిసికేస్తుంటారు. బోదకాలు విషయంలో మాత్రం ఇది పనికిరాదు. ఉమ్మడి వరంగల్ జిల్లాను ఏళ్లుగా పీడిస్తున్న ఈ జబ్బుకు రాష్ట్ర ప్రభుత్వం పింఛన్ కూడా ఇస్తోంది.

క్యూలెక్స్ దోమ కుడితే ఒంట్లో చేరే ఫైలేరియా పురుగులు లింఫ్ నాళాలను దెబ్బతీస్తాయి. దాంతో లింఫ్ ద్రవం పైకి కదలక కాలు వాస్తుంది.

మసాజ్ ఎలా?
ఈ నాళాలు చాలావరకు చర్మం కిందే ఉంటాయి. అందుకే లింఫాటిక్ డ్రైనేజ్ మసాజ్‌లో కండను నొక్కరు. చర్మం కొద్దిగా జరిగేలా మెల్లగా నిమురుతారు. ముందు గజ్జలు, తర్వాత తొడ, చివరికి పాదం. పైన దారి ఖాళీ అయితేనే కింది నీరు కదులుతుంది. ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోవడం మేలు.

మసాజ్ ఒక్కటే చాలదు
రోజూ సబ్బుతో కాలు కడగాలి. వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి.

ఎప్పుడు చేయొద్దు?
జ్వరంతో కాలు ఎర్రబడి నొప్పి పెడితే ఇన్ఫెక్షన్ కావొచ్చు. ఒక కాలి పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. అప్పుడు రుద్దితే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి రావొచ్చు. వెంటనే ఎంజీఎంకు గానీ, దగ్గర్లోని ఆసుపత్రికి గానీ వెళ్లాలి.