రాగి కొలిమి పక్కన గుమ్మడికాయ

హజీరా బ్రాంచికి బదిలీ అయిందని చెప్పగానే మిత్రులంతా ఒకే మాట అన్నారు: "అక్కడ ఫ్యాక్టరీలు తప్ప ఏముంటాయి?" కాదనలేను. సూరత్ దాటి, తాపీ నది సముద్రంలో కలిసే చోటికి వస్తే ఉక్కు, ఎరువులు, గ్యాసు, రేవు. మా బ్రాంచి జీతాల ఖాతాలు చాలావరకు వాటివే. 2020 నవంబరులో ఇక్కడి నుంచి ఖంభాత్ సింధుశాఖ అవతలి ఘోఘాకు ఫెర్రీ మొదలైంది. రోడ్డు మీద 370 కిలోమీటర్ల దూరం, నీటి మీద 90 కిలోమీటర్లయింది. కార్లు, లారీలు, జనం వస్తారు, ఓడ ఎక్కుతారు, వెళ్ళిపోతారు. హజీరాలో ఆగేవారు తక్కువ.

కొంచెం పైకి వెళ్తే సువాలీ తీరం. 17వ శతాబ్దంలో సూరత్ వ్యాపారానికి వచ్చిన ఇంగ్లీషు, డచ్చి ఓడలు లంగరు వేసిన చోటు అది. నిరుడు జూన్‌లో ఆ పక్క ఊరి సఖీమండల్ (మన డ్వాక్రా సంఘంలాంటిది) మా దగ్గర 3 లక్షల రుణానికి దరఖాస్తు పెట్టింది. తీరం దగ్గర రేకుల షెడ్డు వేసి బియ్యప్పిండి రొట్టెలు, చేపల పులుసు, చలికాలంలో పోంక్ అమ్ముతామన్నారు. పోంక్ అంటే మన జొన్న ఊచబియ్యమే. లేత కంకులను నిప్పుల మీద కాల్చి, కొట్టి, గింజ తీస్తారు. సూరత్ వాళ్ళకు ప్రాణం.

నేను ఫైలు మీద "గిరాకీకి ఆధారం లేదు" అని రాసి పక్కన పెట్టాను.

నవంబరులో సెలవు పెట్టి, ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి దగ్గరికి వెళ్ళాం. "అన్నయ్యా, నువ్వుండే చోటులాంటిది ఇక్కడా ఒకటుంది, చూపిస్తా రా" అని నవోషిమాకు తీసుకెళ్ళాడు. రైల్లో ఒకాయామా మీదుగా ఉనో రేవుకు, అక్కడి నుంచి ఫెర్రీలో ఇరవై నిమిషాలు. వైశాల్యం సుమారు 8 చదరపు కిలోమీటర్లు, జనాభా 3 వేలకు అటూ ఇటూ. ద్వీపం ఉత్తరాన రాగి శుద్ధి కర్మాగారం. అది చూశాక మా తమ్ముడి మాట అర్థమైంది.

కొలిమి ఊరు

మిత్సుబిషి సంస్థ ఇక్కడ 1917లో రాగి కరిగించడం మొదలుపెట్టింది. ఊరికి ఉద్యోగాలు వచ్చాయి, పన్నులు వచ్చాయి. పొగకు చుట్టుపక్కల కొండల మీద చెట్లు చచ్చిపోయాయి. తర్వాత పనివాళ్ళ అవసరం తగ్గింది, కుర్రవాళ్ళు పట్నాలకు వెళ్ళిపోయారు.

ఆ ఊరి మేయరు మియాకే చికత్సుగు ఆలోచన సూటిగా ఉంది: ఉత్తరం పరిశ్రమకు, మధ్యభాగం నివాసాలకు, చదువులకు, దక్షిణం సంస్కృతికి. 1985లో ఒకాయామా ప్రచురణకర్త ఫుకుతకే తెత్సుహికో ఆయన్ని కలిసి, ఈ ద్వీపంలో పిల్లలకు ఒక శిబిరం కట్టాలని మాట ఇచ్చిపుచ్చుకున్నారు. మరుసటి ఏడాదే ఫుకుతకే చనిపోయారు. కొడుకు సోయిచిరో ఆ మాట నిలబెట్టారు. 1989లో శిబిరం, 1992లో వాస్తుశిల్పి అందో తదావో కట్టిన బెనెస్సె హౌస్ (మ్యూజియం, హోటలు ఒకే కప్పు కింద), 2004లో చిచూ మ్యూజియం వచ్చాయి.

చిచూ అంటే భూమి లోపల అని అర్థం. కొండ రూపం చెడకుండా భవనం మొత్తాన్ని నేలలోకి దించారు. మోనే గీసిన కలువపూల చిత్రాలు 5 ఉన్న గదిలో దీపాలు లేవు. పైనుంచి దిగే పగటి వెలుతురే. మేమున్న కాసేపట్లో ఒక మబ్బు దాటితే గోడమీది నీలం రంగు మారిపోయింది. చిత్రకళ గురించి నాకు తెలిసింది తక్కువ. అయినా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

మొదటి మాటకూ చిచూకూ మధ్య 19 ఏళ్ళు. అన్నేళ్ళ ప్రాజెక్టు రిపోర్టు నా బల్ల మీదికి వస్తే ఏం చేస్తానో మీకు తెలుసు. అక్కడ డబ్బు ఆగగలిగింది కాబట్టి పని జరిగింది. కంపెనీ షేర్లను ఫౌండేషన్ చేతిలో పెట్టి, వాటి డివిడెండును కళకు ఖర్చుపెట్టే ఏర్పాటు చేసుకున్నారు.

ఊరివాళ్ళ చేయి

రేవుకట్ట చివర కుసామా యాయోయి చేసిన పసుపురంగు గుమ్మడికాయ ఉంది, ఒంటినిండా నల్లచుక్కలతో. 1994లో పెట్టారు. 2021 ఆగస్టు తుఫానులో అది సముద్రంలోకి కొట్టుకుపోయింది. 2022 అక్టోబరులో కొత్తది పెట్టారు. ఫోటో కోసం అందరూ వరుసలో నిలబడతారు, మేమూ నిలబడ్డాం.

నన్ను పట్టుకున్నది మాత్రం హోన్మురా అనే పాత పేటలోని ఒక ఇల్లు. పేరు కదోయా. ఖాళీ పడిన ఆ ఇంటిని 1998లో బాగుచేసి, లోపల చీకట్లో నీళ్ళు నింపి, నీళ్ళలో 125 అంకెల దీపాలు పెట్టారు కళాకారుడు మియజిమా తత్సువో. 1 నుంచి 9 వరకు ఒక్కో దీపం ఒక్కో వేగంతో లెక్కపెడుతుంటుంది. ఆ వేగాన్ని నిర్ణయించింది కళాకారుడు కాదు, 125 మంది ద్వీపవాసులు. అందులో చిన్నవారికి 5 ఏళ్ళు, పెద్దవారికి 95. బయటినుంచి వచ్చిన పని ఆ రోజుతో వాళ్ళ పని అయింది. తన అంకె ఎలా ఉందో చూసుకోవడానికి వెళ్ళే ముసలమ్మకు దారి అడిగే పరాయివాడు పరాయివాడుగా ఉంటాడా?

నెత్తళ్ళ వాసన

మధ్యాహ్నం ఒక చిన్న ఇంట్లో ఉదోన్ తిన్నాం. గోధుమపిండి లావు సేమ్యా అనుకోండి. కగావా జిల్లా అంతా దానికే పేరు. రసం నోట్లో పెట్టుకోగానే మా అమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. ఎండు నెత్తళ్ళు! వాళ్ళు ఇరికో అంటారు, రసానికి ప్రాణం అదే. పక్కన హమాచి చేప, సముద్రపు నాచు నోరి. రెండూ ఆ చుట్టుపక్కల నీళ్ళలో పెంచేవే.

మర్నాడు పక్కనున్న తెషిమా ద్వీపానికి వెళ్ళాం. ఒక కంపెనీ 1970ల నుంచి 1990 దాకా అక్కడ పారిశ్రామిక వ్యర్థాలను దొంగతనంగా పారబోసింది. ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడి 2000లో ఒప్పందం సాధించారు. సుమారు 9 లక్షల టన్నుల చెత్తను, కలుషిత మట్టిని ఓడల్లో తీసుకెళ్ళి నవోషిమాలోనే శుద్ధి చేశారు. తరలింపు 2017లో పూర్తయింది. ఆ ద్వీపం మీదే 2010లో నిషిజావా ర్యూయే, నాయితో రేయి కలిసి నీటిబొట్టు ఆకారంలో ఒక మ్యూజియం కట్టారు. ఒక్క స్తంభం లేదు, నేలలోంచి నీటిచుక్కలు ఊరి జారుతుంటాయి. చుట్టూ బీడుపడ్డ మడులను మళ్ళీ సాగులోకి తెచ్చారు.

అదే ఏడాది మొదలైన షిమా కిచెన్‌లో భోజనం. అదీ ఖాళీ పడిన ఇల్లే. టోక్యో హోటలు వంటవాళ్ళు మెళకువలు నేర్పారు, ద్వీపంలోని ఆడవాళ్ళు వండుతారు. చేప, బియ్యం, కూరలు అక్కడివే. రోజూ తెరవరు, వారంలో కొన్ని రోజులే. వడ్డించిన ఆవిడకు అరవై దాటి ఉంటాయి. మేం గిన్నె ఖాళీ చేసేదాకా అక్కడే నిలబడి చూసింది, మా పెద్దమ్మలాగే.

కళ వచ్చాక అన్నీ చక్కబడ్డాయని చెప్పను. నవోషిమాలో ఒకప్పుడు 7 వేలు దాటిన జనాభా తగ్గుతూనే వచ్చింది. మేం చూసినవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళే. 2019లో ఆ ద్వీపాల కళోత్సవానికి 10 లక్షలకు పైగా సందర్శనలు నమోదయ్యాయి. అంత జనం మూడు వేలమంది ఊరికి బరువే. కొలిమి ఇప్పటికీ నడుస్తోంది. పాత ఎలక్ట్రానిక్ సామాన్లనుంచి బంగారం, వెండి తీస్తోంది. కొలిమి పక్కనే బతకడం నేర్చుకున్నారు.

మళ్ళీ ఆ ఫైలు

తిరిగొచ్చాక ఫైలు తీశాను. "గిరాకీకి ఆధారం లేదు" అని రాసిన నేను, ఆధారం కోసం ఒక్కసారైనా సువాలీ వెళ్ళలేదు. డిసెంబరులో మూడు ఆదివారాలు వెళ్ళాను. సఖీమండల్ సభ్యులతో కలిసి వచ్చిన బళ్ళు లెక్కపెట్టాను. ఎక్కువమంది టిఫిన్ ఇంటినుంచే తెచ్చుకుంటున్నారు. వేడిగా తినడానికి చిప్స్ పొట్లం తప్ప ఏముందని ఒకాయన నన్నే అడిగాడు. వానాకాలంలో తీరం ఖాళీ అని ఆ అమ్మలే చెప్పారు. దరఖాస్తులో ఆ మాట లేదు, మేం అడగలేదు.

జనవరిలో 3 లక్షలకు బదులు లక్షన్నర మంజూరు చేశాను. కిస్తీలు అక్టోబరు నుంచి మే దాకా, జూన్ నుంచి సెప్టెంబరు వరకు వడ్డీ మాత్రమే. షిమా కిచెన్ రోజూ తెరవకుండా నిలబడగా లేనిది, మన కిస్తీ ప్రతినెలా ఒకేలా ఎందుకుండాలి?

మే నెలాఖరుకు నాలుగు కిస్తీలు వచ్చాయి. మార్చిది పదకొండు రోజులు ఆలస్యం. ఇప్పుడు వానలు, షెడ్డు మూసి ఉంది. అక్టోబరులో తెరుస్తారు. మీలో ఎవరైనా ఘోఘా ఫెర్రీకి ఇటు వస్తే ఒక గంట ముందుగా రండి. పోంక్ కావాలంటే డిసెంబరు దాకా ఆగాలి. చేపల పులుసుకు ఆగక్కర్లేదు.