ప్రోగ్రాముల జాడ

బళ్లారి పట్టణానికి దగ్గరలో సంగనకల్లు గ్రామం ఉంది. కొత్తరాతియుగంలో అక్కడి కొండలపై మానవులు నివసించారు. నల్లని డోలరైటు రాతితో గొడ్డళ్లు తయారు చేసుకొన్నారు. వారి పనిని కంటితో చూసినవారు ఈనాడు ఎవరూ లేరు. అయినా రాతిని చెక్కినచోట రాలిన పెచ్చులున్నాయి. గొడ్డలిని నూరినచోట బండమీద గాడులున్నాయి. ఈ జాడలను వరుసగా పేర్చి, పని జరిగిన తీరును పురావస్తు శాస్త్రజ్ఞులు తెలుసుకొన్నారు. బళ్లారి రాతియుగ సంస్కృతులపై బి. సుబ్బారావు రచించిన గ్రంథం 1948లో వెలువడింది.

కంప్యూటరు శాస్త్రంలోనూ ఇటువంటి అవసరం ఉంది. సాధారణంగా ప్రోగ్రాము ఒకచోటనే ఉంటుంది. సమాచారమే దాని వద్దకు వస్తుంది. కొన్ని ప్రోగ్రాములు మాత్రం తామే మరొక కంప్యూటరుకు వెళ్లి అక్కడ పనిచేస్తాయి. వీటిని సంచార ప్రోగ్రాములు అనవచ్చు. 1995లో వెలువడిన జావా భాషలోని చిన్న ప్రోగ్రాములు కొన్ని ఇలాగే దూరం నుండి వచ్చి పనిచేసేవి.

ఒక ఉదాహరణ చూద్దాం. పుస్తకాలను లెక్కించే ప్రోగ్రామును బళ్లారి కంప్యూటరు గుంతకల్లుకు, ఆదోనికి పంపిందనుకుందాం. గుంతకల్లులో 400, ఆదోనిలో 300 పుస్తకాలున్నాయి. మొత్తం 700 రావాలి. కాని 1100 వచ్చింది! తప్పు ఎక్కడ జరిగింది?

ప్రతి కంప్యూటరు తన పనులను వేళతో సహా రాసిపెడుతుంది. కాని వాటి గడియారాలు ఒకదానితో ఒకటి కలవవు. ప్రోగ్రాము 10 గంటల 8 నిమిషాలకు బయలుదేరిందని బళ్లారి కంప్యూటరు, 10 గంటల 5 నిమిషాలకే చేరిందని గుంతకల్లు కంప్యూటరు చెప్పవచ్చు. బయలుదేరకముందే చేరడం సాధ్యమా? 1978లో లెస్లీ లాంపోర్ట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ చిక్కుకు దారి చూపాడు. గడియారం ఏమి చెప్పినా పంపడం ముందు, అందడం తరువాత. ఈ నియమంతో సంఘటనలకు వరుస సంఖ్యలు ఇవ్వవచ్చు.

ఆ వరుసను బొమ్మగా గీస్తారు. ప్రతి కంప్యూటరుకు ఒక నిలువుగీత. ముందు జరిగినది పైన, తరువాత జరిగినది కింద. ప్రతి ప్రయాణానికి ఒక ఏటవాలు బాణం. ఇలా గీయగానే గుంతకల్లు వైపు రెండు బాణాలు కనబడ్డాయి. జవాబు ఆలస్యమయినందువల్ల బళ్లారి కంప్యూటరు ప్రోగ్రామును మళ్లీ పంపింది. తరువాత రెండు జవాబులూ వచ్చాయి. 400 రెండుసార్లు కలిసింది.

ప్రతి పనికి ఒక గుర్తుసంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో వచ్చిన రెండవ జవాబును వదిలివేస్తే ఈ తప్పు జరగదు. పుస్తకాల లెక్క తప్పితే మళ్లీ లెక్కించుకోవచ్చు. బ్యాంకులో ఒక కూలివాని సొమ్మును రెండుసార్లు తీసివేస్తే ఆ ఇంట పొయ్యి వెలగదు. అందుచేత ప్రోగ్రాము వెళ్లిన ప్రతిచోటా జాడ మిగిలేటట్లు ముందే ఏర్పాటు చేయాలి.