ఊళ్ళు చూసే సరదా, ఊళ్ళో వాళ్ళ సంగతి

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



వంటా వార్పూ ముగించి కాస్త నడుం వాల్చే వేళ యిది. ఈవేళ మిమ్మల్ని చాలా దూరం, సముద్రాలు దాటించి తీసుకువెళ్తాను. భయపడకండి, సాయంత్రం కుళాయి వచ్చే వేళకి మళ్ళీ యిల్లు చేరుస్తాను.

మా ఆడబిడ్డ కూతురు మొన్న డిసెంబరు సెలవుల్లో మొరాకో దేశం వెళ్ళి వచ్చింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్నారు. వచ్చాక ఫోన్‌లో ఫోటోలు చూపించింది. ఎర్రమట్టి యిళ్ళు, గాడిద వస్తే మనిషి గోడకు అతుక్కుని నిలబడాల్సినంత యిరుకు సందులు, మగ్గం ముందు కూర్చుని తివాచీ నేస్తున్న ముసలావిడ, యిసుక దిబ్బల నడుమ ఒక డేరా. ఆ డేరాలో మంచం, అద్దం, స్నానాల గది కూడా వున్నాయి. "అత్తమ్మా, ఆ గల్లీలు ఎంత బాగున్నాయో! ఆ ఆడవాళ్ళ చేతిపని నువ్వు చూడాలి" అంది.

"మా ధూల్‌పేటలోనూ గల్లీలున్నాయి, చేతిపనీ వుంది. నీ పెళ్ళయి ఆరేళ్ళయింది. ఒక్కసారీ రాలేదేం తల్లీ?" అన్నాను.

"అబ్బ, అక్కడ కారు పెట్టుకోను చోటుండదు అత్తమ్మా" అంది.

నాకు నవ్వు వచ్చింది, కాస్త కష్టమూ తోచింది. మనం డబ్బు పోసి ఊళ్ళు చూడ్డానికి వెళ్తున్నాం గదా, అక్కడ వున్నవాళ్ళకు మనవల్ల ఏం మిగులుతుంది? ఆ మాటే ఈవేళ మీతో ముచ్చటిస్తాను.

ముందు ఆ ప్రయాణాల సంగతి చెప్పుకుందాం. తీర్థయాత్రకు వెళితే దేవుణ్ణి చూస్తాం, పెళ్ళికి వెళితే చుట్టాల్ని చూస్తాం. ఈ ప్రయాణం అలాంటిది కాదు. ఒక జాతి ఎలా బతుకుతుందో చూడాలి, కాని మన సుఖానికి లోటు రాకూడదు. అదీ దీని లక్షణం. మొరాకోలో ముందుగా మర్రాకేష్, ఫెజ్ లాంటి పాత నగరాలు చూపిస్తారు. ఫెజ్ పాత నగరాన్ని యునెస్కోవారు 1981లోనూ, మర్రాకేష్‌ను 1985లోనూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అక్కడ 'రియాద్' అనే పాతకాలపు యిళ్ళుంటాయి. మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి, అందులో చెట్లు, చుట్టూ గదులు. మన మండువా లోగిలి లాంటివే అనుకోండి. వాటిలో చాలా యిళ్ళు యిప్పుడు ఖరీదైన బసలుగా మారాయి. తర్వాత అట్లాస్ పర్వతాలెక్కించి బెర్బెర్ పల్లెలు చూపిస్తారు. చివరికి ఎడారిలో ఒంటె మీద కూర్చోబెట్టి, నేను చెప్పిన ఆ డేరాలో పడుకోబెడతారు.

బెర్బెర్లంటే అరబ్బులు రాకముందు నుంచీ ఉత్తర ఆఫ్రికాలో వున్న జనం. 'బెర్బెర్' అన్నది పైవాళ్ళు పెట్టిన పేరు. వాళ్ళు తమను 'అమాజిగ్' అని చెప్పుకుంటారు. స్వేచ్ఛ గల మనిషి అని దానికి అర్థం చెబుతారు. 2011లో వచ్చిన మొరాకో రాజ్యాంగం వాళ్ళ భాషను కూడా అధికార భాషగా ఒప్పుకుంది. అతిథి వస్తే పుదీనా వేసిన తీయటి టీ యిస్తారు. మనం కాఫీ తిరగబోసినట్టు కూజాను పైకెత్తి, నురగ వచ్చేలా గాజు గ్లాసులో పోస్తారు. తివాచీలు ఆ పల్లెల ఆడవాళ్ళే నేస్తారు. ఆర్గాన్ అనే చెట్టు గింజలను రాళ్ళ మధ్య పెట్టి ఒక్కొక్కటే పగలగొట్టి నూనె తీయడం కూడా ఆడవాళ్ళ పనే. 1990ల నుంచీ ఆ ఆడవాళ్ళు సహకార సంఘాలు పెట్టుకుని ఆ నూనె తామే అమ్ముకుంటున్నారు. ఈ సంఘాల మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

2023 సెప్టెంబరు 8 రాత్రి ఆ అట్లాస్ పర్వతాలలో పెద్ద భూకంపం వచ్చింది. దాదాపు మూడు వేల మంది పోయారు. ఎక్కువ నష్టం జరిగింది ఆ కొండ పల్లెల మట్టి, రాతి యిళ్ళకే. మర్రాకేష్‌కి యాత్రికులు త్వరలోనే మళ్ళీ రాసాగారు. ఏడాది గడిచాక కూడా కొండల్లో ఎన్నో కుటుంబాలు డేరాల్లోనే వున్నాయి. ఒకే దేశంలో రెండు రకాల డేరాలన్నమాట. ఒకదాంట్లో సరదాకి పడుకుంటారు, రెండోదాంట్లో యిల్లు లేక పడుకుంటారు. మా పిల్ల ఫోటోలు చూసినప్పటి నుంచీ యీ సంగతి నా మనసులో మెదులుతూనే వుంది.

ఇక మన గడపలోకి వద్దాం. బిడారులంటే ఎడారి దేశాలవేనని మనం అనుకుంటాం. ధూల్‌పేటకు ఆనుకుని వున్న పేట పేరే కార్వాన్. అంటే బిడారు! ఒంటెలూ, గుర్రాలూ, ఎడ్లూ కట్టుకుని గుంపుగా సాగే వర్తకులు గోల్కొండ వ్యాపారానికి వచ్చి దిగిన చోటన్నమాట. మూసీ మీద పురానాపూల్ 1578లో కట్టారు. చార్మినార్ 1591 నాటిది. అంటే చార్మినార్ కంటే మన వంతెనే పదమూడేళ్ళు పెద్దది. టావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు 17వ శతాబ్దంలో గోల్కొండకు వజ్రాల కోసం వచ్చి, తన ప్రయాణాల పుస్తకం 1676లో అచ్చు వేయించాడు. మన ఊరు చూడ్డానికి పరదేశీలు రావడం కొత్తేమీ కాదు.

మంగళ్‌హాట్ దగ్గర సీతారాంబాగ్ గుడి వుంది. 1830ల నాటిది. కట్టించినవారు సేఠ్ పురన్‌మల్ గనేరీవాలా, రాజస్థాన్ నుంచి వచ్చిన కుటుంబం. ఆయనే 1823లో ఎడారి అంచున పుష్కర్‌లో రంగనాథస్వామి గుడి కట్టించారు. దానికి దక్షిణాది గోపురం ఎత్తించారు. ఇక్కడి సీతారాంబాగ్‌లో రాజస్థానీ పనితనం కనిపిస్తుంది. ఆ ఊరి అందం యిక్కడికీ, యిక్కడి అందం ఆ ఊరికీ మోశారన్నమాట. ఎడారి చూడ్డానికి వెళ్ళే మనవాళ్ళలో ఈ గుడి చూసినవాళ్ళెందరో చెప్పండి!

మన దగ్గరా ఖరీదైన బస వుంది. ఫలక్‌నుమా ప్యాలెస్‌కు 1884లో పునాది వేసినవారు పైగా వంశపు వికారుల్ ఉమ్రా. తర్వాత అది ఆరవ నిజాము చేతికి వచ్చింది. చాలా ఏళ్ళు మూతపడి, బాగు చేశాక 2010 నవంబరులో తాజ్‌వారి హోటల్‌గా తెరిచారు. నూటొక్క మంది కూర్చుని భోంచేసే బల్ల వుంది. గేటు దగ్గర నుంచి అతిథులను గుర్రపు బగ్గీలో తీసుకువెళ్తారు. ఒక్క రాత్రికి అద్దె పదుల వేలల్లో వుంటుంది. పాత కట్టడం నిలబడింది, కొందరికి ఉద్యోగాలు దొరికాయి. మంచిదే, కాదనను. అలాంటి అతిథులు ఊరు చూడ్డానికని పాతబస్తీ గల్లీల్లోకి కూడా వస్తూంటారు. అక్కడే నా కథ మొదలవుతుంది.

ధూల్‌పేట తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఇక్కడ చాలామంది తరాల కిందట ఉత్తరాది నుంచి వచ్చిన లోధీ కుటుంబాలవారు. ఒకప్పుడు మా పేట పేరు చెబితే గుడుంబా అని ముఖం తిప్పుకునేవారు. దాచను, ఆ సారా వల్ల ఏడ్చిన ఆడవాళ్ళను నేనెరుగుదును. కాని అదే పేటకి ఏడాదికి మూడు పంటలున్నాయి. సంక్రాంతి దాకా పతంగులు, శ్రావణ పౌర్ణమి దాకా రాఖీలు, చవితి దాకా వినాయకులు. కర్ర చట్రం కట్టి, అచ్చుల్లో కొబ్బరిపీచు కలిపిన ప్లాస్టర్ పోసి, ఆరబెట్టి, రంగులు వేసి, చివరికి కళ్ళు దిద్దుతారు. రాఖీలు మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళ పని. ఇంట్లోనే కూర్చుని స్పాంజి, జరీ, పూసలు అతికిస్తారు. కూలి గ్రోసు లెక్కన, అంటే నూట నలభై నాలుగుకి యింత అని.

కొన్నేళ్ళ కిందట ఒక టూరు కంపెనీ కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. "అమ్మగారూ, ఎనిమిది మంది ఫారిన్ ఆడవాళ్ళొస్తున్నారు, మీరు రేడియోలో మాట్లాడతారట, కాస్త యిళ్ళు చూపించండి" అన్నాడు. నాది మెట్రిక్ యింగ్లీషు. అయినా గొప్పగా అనిపించి ఒప్పుకున్నాను. వాళ్ళను మా ఎదురింటి భాభీ ముంగిట్లోకి తీసుకువెళ్ళాను. గంటన్నర కూర్చున్నారు. ఫోటోలు తీశారు. భాభీ అందరికీ టీ పెట్టింది, కోడలు చేత పక్కింటి నుంచి గ్లాసులు అడిగి తెప్పించింది. అందరూ దండాలు పెట్టి వెళ్ళిపోయారు. కుర్రాడు నా చేతిలో కవరు పెట్టాడు. అందులో వెయ్యి రూపాయలున్నాయి.

సాయంత్రం భాభీ గుమ్మంలోకి వచ్చి, "దీదీ, వాళ్ళేమన్నా యిచ్చారా?" అని అడిగింది.

నేను "లేదు భాభీ, ఊరికే చూడ్డానికొచ్చారు" అన్నాను.

అబద్ధం చెప్పానమ్మా. ఎందుకు చెప్పానో యిప్పటికీ నాకు తెలియదు. రాత్రి పదకొండు దాటినా ఆవిడ యింట్లో దీపం వెలుగుతూనే వుంది. గంటన్నర ఆగిన పని, తెల్లారేసరికి షావుకారుకు లెక్క అప్పజెప్పాలి. పొద్దున్నే వెళ్ళి జరిగింది చెప్పి, ఐదు వందలు చేతిలో పెట్టాను. ఆవిడ కోపగించుకోలేదు. "పాలకి, చక్కెరకి మేమే పెట్టుకున్నాం దీదీ. వాళ్ళు అతిథులు, అడగలేం గదా" అంది. ఆ మాట నన్ను తిట్టినా అంత తగిలేది కాదు.

చూశారా, వాళ్ళ బసకీ, కారుకీ, కంపెనీకీ, చివరికి నాకూ అందింది. వాళ్ళు ఏం చూడ్డానికి వచ్చారో ఆ చేతికే అందలేదు. ఇందులో దుర్మార్గులెవరూ లేరు. ఎవరి వాటా ఎంతో ముందు మాట్లాడుకోకపోవడమే తప్పు. మొరాకో నూనె సంఘాల ఆడవాళ్ళు చేసింది అదే. తమ పనికి ధర తామే చెప్పుకుంటున్నారు.

తర్వాతిసారి ఆ కుర్రాడు వచ్చినప్పుడు నేను నాలుగు మాటలు ముందే చెప్పాను. ఏ యింటికి వెళ్తామో ఆ యింటికి యింత అని ముందే యివ్వాలి. టీ ఖర్చు వేరే. ఫోటోకి ముందు అడగాలి, వద్దంటే వద్దు. కొనేది ఆ గుమ్మంలోనే కొనాలి. రెండుసార్లు ఒప్పుకున్నాడు. మూడోసారి నుంచి రాలేదు. ఇంకెక్కడో మాట్లాడని యిల్లు దొరికి వుంటుంది. పోనీండి.

మీలో చాలామంది యిప్పుడు పిల్లలతో రాజస్థాన్ అనీ, దుబాయ్ అనీ వెళ్తున్నారు. డబ్బు కట్టే ముందు కంపెనీవాణ్ణి అడగండి: చూపించేవాడు ఆ ఊరివాడేనా? మనం వెళ్ళే యింటికి ఏమిస్తున్నారు? వస్తువులు చేసినవాళ్ళ దగ్గరే కొనొచ్చా? బేరం ఆడొద్దనను, మనకు బేరం రాకపోతే సంసారమే సాగదు. కాని రెండు రోజులు కూర్చుని నేసినదానికి రెండు పూటల కూలి కూడా రాకుండా గీసి గీసి అడక్కండి. మన వాకిట్లోకి ఎవరో వచ్చి మనం అంట్లు తోముతుంటే ఫోటో తీస్తే ఎలా వుంటుందో, అక్కడా అంతే.

అంతదూరం వెళ్ళలేని వాళ్ళకు మన ఊళ్ళోనే ఒక పూట చాలు. గురువారం అయితే జుమ్మేరాత్ బజారు కూడా చూడొచ్చు. పొద్దున్నే పురానాపూల్, సీతారాంబాగ్, తర్వాత చార్మినార్. లాడ్ బజారులో లక్క గాజులు కొనేముందు ఒక్క నిమిషం ఆగి, వేడి లక్కలో అద్దం ముక్కలు ఒక్కొక్కటే ఎలా పొదుగుతారో చూడండి. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చౌమహల్లా ప్యాలెస్ దగ్గర్లోనే వుంది. శుక్రవారం మాత్రం సెలవు.

మా ఆడబిడ్డ కూతురు చివరికి మొన్న జూన్‌లో వచ్చింది. కారు పురానాపూల్ అవతలే పెట్టి ఆటోలో వచ్చింది. భాభీ ముంగిట్లో రాఖీలు కుప్పలుగా వున్నాయి. పిల్ల ఫోన్ తీయబోయి, నా ముఖం చూసి ఆగి, "ఫోటో తీసుకోనా భాభీ?" అని అడిగింది. భాభీ జిగురు గిన్నె ముందుకు జరిపి, "ముందు రెండు డజన్లు అతికించు బేటీ, తర్వాత తీసుకో" అంది.

అతికించింది. ఒకటిన్నర డజను భాభీ మళ్ళీ విప్పి సరిచేయాల్సి వచ్చింది. ఆ సాయంత్రం పిల్ల నాలుగు డజన్ల రాఖీలు భాభీ చెప్పిన ధరకే కొనుక్కు వెళ్ళింది. వచ్చే నెల తన ఆఫీసు స్నేహితురాళ్ళను తీసుకొస్తానంది. వచ్చేముందు ఫోన్ చేయమన్నాను. టీకి పాలు ఎన్ని కావాలో భాభీకి ముందే చెప్పాలి గదా, డబ్బుతో సహా.